ఉప్పు నీళ్ల ఎర్తు

వెంకటేశం దుకాణానికీ నా టైలరింగ్ షాపుకీ మధ్య ఉన్నది ఒకటే గోడ. బాన్సువాడ బస్టాండు దాటి బోధన్ రోడ్డు పట్టుకుంటే ఎడమ చేతి వైపు పక్కపక్కనే ఉంటాం. అతను మైకు పరీక్షిస్తే నా మిషను మీద దారపు ఉండ దొర్లి కింద పడుతుంది. 'హలో హలో, మైక్ టెస్టింగ్' అని రోజుకు ఎన్నిసార్లు అరుస్తాడో ఆ ప్రభువుకే తెలియాలి. మొదట్లో కోపం పట్టలేక కత్తెర పిడితో గోడ మీద కొట్టేదాన్ని. కత్తెర వదులైపోయింది గానీ అతని గొంతు తగ్గలేదు.

మనిషి చెడ్డవాడు కాదు. చేతిలో పని ఉంది, అది నేను కాదనను. చిన్నప్పుడు ఇంకొకరి మైకు సెట్టుకు హారన్లు మోసి, చూసి చూసి నేర్చుకున్నాడు. ఇప్పుడు పెళ్లి పందిరికీ వినాయకుడి మండపానికీ మా చర్చిలో క్రిస్మస్ మీటింగుకూ అతని డబ్బాలే. పాడైన ఆంప్లిఫయరు తెచ్చినా, మూగబోయిన రేడియో తెచ్చినా మూత విప్పకముందే అతని నోట వచ్చే మాట ఒకటే: "గంతేనా?" దానికి మందు కూడా ఒకటే. పవరు పెంచడం. గొంతు అందకపోతే పెద్ద ఆంప్లిఫయరు, అదీ చాలకపోతే ఇంకా పెద్దది. చెవిటివాడికి కూడా వినిపించేలా చేస్తానని అతని గొప్ప. వినీ వినీ మా చెవులే పోయేలా ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా దిక్కు పొలం మోటార్ల దగ్గర ఇనప కడ్డీ భూమిలో దిగ్గొట్టి దానికి వైరు కడతారు. దాన్నే ఎర్తు అంటారు. ఎండాకాలం నేల ఎండి పగుళ్లిస్తే ఎర్తు సరిగా పని చేయదు. అప్పుడు బకెట్లో ఉప్పు కలిపి ఆ నీళ్లు కడ్డీ మొదట్లో పోస్తారు. కోటగిరి, వర్ని ఊళ్లలో ఏ రైతును అడిగినా ఈ వైద్యం చెబుతాడు. వెంకటేశం పెళ్లిళ్లలో కూడా అదే చేసేవాడు. పందిరి గుంజ పక్కన కడ్డీ కొట్టి, వంటవాళ్లను బతిమాలి గుప్పెడు ఉప్పు తెచ్చి నీళ్లు పోసేవాడు. మైకులో గుర్రుమనే చప్పుడు టక్కున ఆగిపోయేది. కరెంటుకు ఉప్పు నీళ్లంటే ప్రాణమని అతని నమ్మకం. ఇక్కడ అది నిజమే కూడా.

పోయిన ఎండాకాలం వరికోతలప్పుడు సంజీవ్ వచ్చాడు. మచిలీపట్నం అవతల ఎక్కడో సముద్రం ఒడ్డున అతని ఊరు. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెడతాయని అక్కడ కొన్నాళ్లు వేట ఆపేస్తారట. ఆ రోజుల్లో ఖాళీగా కూర్చోకుండా వర్ని దగ్గర, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల క్యాంపులో ఒక రైతు కోత మిషను నడపడానికి వచ్చేవాడు. మితంగా మాట్లాడే మనిషి, మర్యాద ఎక్కువ. తన పడవలోని వైర్లెస్ సెట్టును లుంగీలో చుట్టి పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. వెంకటేశం భార్య భాగ్యకు కుట్టిన జాకెట్టు ఇద్దామని నేనూ అప్పుడే వెళ్లాను.

"ఒడ్డు మీంచి వాళ్లు మాట్లాడేది మాకు బాగానే వినపడుద్దండి. మేం మాట్లాడేదే వాళ్లకి అందట్లేదు. కాస్త లోపలికి పోతే గరగరమని తప్ప ఏమీ లేదంటున్నారు" అన్నాడు సంజీవ్.

"గంతేనా? పవరు పెంచితే ఐపాయె" అన్నాడు వెంకటేశం.

నేను ఊరుకోలేక అడిగాను. "నువ్వు ఎన్నడన్న సముద్రం చూసినవా వెంకటేశం?"

"చూసుడేంది అక్కా, నీళ్లే గదా. నిజాంసాగర్ జూడలేదా? గది జర పెద్దగుంటది."

సంజీవ్ నవ్వాడు. వెంకటేశం కూడా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదని చెప్పుకోను, నాకూ నవ్వొచ్చింది.

కొన్నాళ్లకు ఆ సెట్టుకు ఒక డబ్బా తగిలించాడు. బూస్టరన్నాడు. సెట్టులోంచి వచ్చే మాటను అది పట్టుకుని ఎన్నో రెట్లు బలంగా విసురుతుందట. బ్యాటరీకి ఎలా కట్టాలో, ఎర్తు ఎలా తీయాలో సంజీవ్‌కు గురువులా బోధించాడు. "నీకు సముద్రమంత ఎర్తు ఉన్నది తమ్మీ, ఇగ ఫికరేంది? రాగి వైరు నీళ్లల్ల ఇడువు. బ్యాటరీ కాడి ముడులకు టేపు సుట్టకు. ఉప్పు గాలి తగలనియ్యి. సెట్టు సతాయిస్తే ముడుల మీద జరన్ని ఉప్పు నీళ్లు కొట్టు, అదే మాట్లాడ్తది." సంజీవ్ ప్రతి మాటకీ తల ఊపుతూ విన్నాడు. సెట్టును మళ్లీ లుంగీలో చుట్టుకుని, వెంకటేశం కాళ్లకు దండం పెట్టబోయాడు కూడా.

ఆ తరువాత వెంకటేశాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. దుకాణం ముందు కొత్త ఫ్లెక్సీ వెలిసింది. నీలం రంగు అలలు, వాటి మీద పడవ, పక్కన నల్లద్దాలు పెట్టుకున్న వెంకటేశం. కింద 'సముద్రంలో సైతం మన సౌండే' అని రాయించాడు. టీ హోటల్లో అతను చెప్పే కథల్లో సంజీవ్ పడవ ప్రతి వారం ఇంకాస్త దూరం పోయేది. ఒకరోజు శ్రీలంక దాకా పోయింది. "ఇగ ఆపు, వీసా అడుగుతరు" అన్నాను.

వినాయక చవితి ముందర క్యాంపు రైతు మండపానికి మైకు మాట్లాడదామని వచ్చి, మాటల్లో చెప్పాడు. సంజీవ్ పడవ ఇంజను సముద్రం మధ్యలో ఆగిపోయిందట. గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయారట. సెట్టు ఎంత నొక్కినా పలకలేదట. నీళ్లు కూడా అయిపోయి, ఆశ వదులుకున్నాక ఏదో వేరే రేవు పడవ వాళ్లను చూసి లాక్కొచ్చిందట. ప్రాణాలతో బయటపడ్డారు, దేవుడి దయ అన్నాడాయన. మైకు సంగతి మాట్లాడుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వెంకటేశం దుకాణం ముందు ఒక బకెట్టు, పాత కారు బ్యాటరీ పెట్టుకుని కూర్చున్నాడు. బకెట్టు నీళ్లలో ఉప్పు పోసి కలిపాడు. సంజీవ్‌కు ఇచ్చిన రకం రాగి వైర్లే రెండు తీసి, బ్యాటరీకి కట్టి, వాటి కొసలు నీళ్లలో వదిలాడు. నేను జాకెట్లు కుడుతూ ఓరకంట చూస్తూనే ఉన్నాను. కాసేపటికి నీళ్లలో బుడగలు లేచాయి. మధ్యాహ్నానికి ఒక వైరు కొస చుట్టూ పచ్చటి మడ్డి పట్టింది. సాయంత్రం అతను ఆ వైరును పైకి తీసి వేళ్లతో వంచాడు. వంగలేదు. నానిన అగ్గిపుల్లలా తునిగి కింద పడింది.

"గిదేనా సముద్రంల పెట్టుమన్నది?" అని అడిగింది భాగ్య, గడపలో నిలబడి.

అతను బకెట్టు నీళ్లు మోరీలో పారబోశాడు. తరువాత నాకు చెప్పింది అతనే, గోడ పక్కకు వచ్చి, చాలా చిన్న గొంతుతో. ఇక్కడ ఉప్పు నీళ్లు నేలలో ఇంకిపోతాయి, కరెంటుకు దారి చేసి పెడతాయి. అక్కడ అదే ఉప్పు, టేపు లేని ముడిని రోజూ కొరుక్కు తింటుంది. ఆ బూస్టరు డబ్బాకు కరెంటు చాలా ఎక్కువ కావాలి. పుచ్చిపోయిన వైరు అంత కరెంటు మోయలేదు. "లో ఓల్టేజి ఉన్నప్పుడు బల్బు ఎలుగుతది, మోటరు లేవదు అక్కా. గింత చిన్న ముచ్చట. పసిపోరగాన్ని అడిగినా చెప్తడు. నాకు తట్టలే."

"ఐతే ఫోన్ జేసి చెప్పు సంజీవ్‌కు."

"ఏమని చెప్పాలె? నీ పానం తియ్యబోయింది నేనే అని చెప్పాలెనా?"

"ఆ, గదే చెప్పు."

చెప్పలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు, చూస్తాడు, జేబులో పెట్టుకుంటాడు. సిగ్గు మనిషిని ఇంతలా నలిపేస్తుందని నాకు అప్పటి దాకా తెలియదు. ఫ్లెక్సీ పీకేశాడు. పారేసినా బాగుండేది, దాన్ని తిరగేసి డబ్బాల మీద కప్పుకున్నాడు. మైకు పరీక్షించాలంటే 'హలో' అనడం మానేసి వేలితో టకటకమని తట్టేవాడు. టీ హోటల్లో ఎవరో, పాపం తెలియక, "ఏం వెంకటేశం, పడవ ఏడిదాక వొయింది?" అని అడిగితే టీ గ్లాసు సగంలో వదిలేసి వచ్చాడు. వర్ని క్యాంపు బండి ఏదైనా రోడ్డు మీద కనబడితే చాలు, లోపలికి నక్కేవాడు. నాకు జాలి కలగాలి నిజానికి. కలగలేదు, ఒళ్లు మండేది. నోరు అమ్ముకుని బతికేవాడికి చెప్పాల్సిన ఒక్క మాటకు నోరు పెగలకపోవడం ఏమిటి?

వానాకాలం పంట కోతలు మొదలయ్యాయి. రోడ్ల మీద వడ్లు ఆరబోశారు. అంతలోనే సముద్రంలో వాయుగుండం పడిందని, కోస్తాకు గాలివాన వస్తుందని టీవీలో చెప్పడం మొదలుపెట్టారు. మా దగ్గరా మబ్బు పట్టింది. రైతులు టార్పాలిన్ల కోసం పరుగులు తీస్తున్న ఆ రోజు పొద్దున సంజీవ్ మా రోడ్డు మీద ఆటో దిగాడు. పడవ ఇంజను ఇంకా బాగుపడలేదట, అందుకని కోతలకు వచ్చేశాడు. చంకలో అదే సెట్టు. ఇంకో చేతిలో ఎండుచేపల పొట్లం.

అతన్ని చూసిన వెంకటేశం ఏం చేశాడో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. పెద్ద పెద్ద సౌండు డబ్బాల వెనక్కి పోయి కూర్చున్నాడు. నడిఈడు మనిషి, పెళ్లానికి సైగ కూడా చేశాడు, లేనని చెప్పమని.

"గురువుగారు లేరాండి?" అని అడిగాడు సంజీవ్.

"ఉన్నడు. గా డబ్బాల ఎనక. పిలువు, వస్తడు" అంది భాగ్య.

నేను కుట్టు ఆపేసి అక్కడికి పోయాను. వెంకటేశం దుమ్ము దులుపుకుంటూ లేచొచ్చాడు. సంజీవ్ చేపల పొట్లం భాగ్య చేతికిచ్చి, సెట్టును బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ పని నేను చెడగొట్టానండి గురువుగారూ. మిమ్మల్ని క్షమించమని అడగటానికొచ్చాను" అన్నాడు.

అతనే చెప్పుకుపోయాడు. "ఇంజను ఆగిపోయాక సెట్టు అందుకున్నానండి. ఒడ్డు మీంచి పేరు పెట్టి పిలుస్తానే ఉన్నారు. మా ఆవిడ గొంతు కూడా వినపడింది. ఎక్కడున్నావయ్యా అని ఏడుస్తంది. నేను మాట్లాడదామని మీట నొక్కంగానే సెట్టులో దీపం ఆరిపోయేది. వదిలితే వెలిగేది. వెలిగితే మళ్లీ ఆవిడ ఏడుపే. మీరు చెప్పారు కదా అని ముడుల మీద ఉప్పు నీళ్లు పోస్తానే ఉన్నానండి. ఎన్నిసార్లు పోశానో. మా పెదనాన్న కూడా పోశాడు. దోసిళ్లతో పోశాం. చాల్లేదేమో. బొక్కెనతో పొయ్యాల్సిందేమోనండి."

భాగ్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటేశం కళ్లు బల్ల మీదే ఉన్నాయి. ఇప్పుడైనా చెబుతాడు, ఇప్పుడైనా చెబుతాడు అని నేను చూస్తున్నాను.

"పోనియ్యి తమ్మీ. ఐతయ్ గట్ల" అన్నాడు వెంకటేశం.

ఆ మాటకు నా చేతిలో గజంబద్ద ఉంటే వీపు మీద వేసేదాన్ని. తన తప్పును ఎదుటివాడు నెత్తిన పెట్టుకుని మోస్తుంటే, దించమనకుండా క్షమించేశాడు మహానుభావుడు. భాగ్య అతని ముఖం చూడలేక లోపలికి వెళ్లిపోయింది.

సంజీవ్ గుండె తేలికపడినట్టుంది. ముఖం విప్పారింది. "అందుకేనండి, ఈసారి మా రేవులో వాళ్లకి గట్టిగా చెప్పాను. మీ పద్ధతి చూసి ఇంకొన్ని పడవల వాళ్లు కూడా అట్టాగే కట్టించుకున్నారు. బూస్టర్లు ఎక్కడో కొనుక్కొచ్చారు. నాకు మల్లే పిసినారితనం చెయ్యమాకండి, బొక్కెన పక్కనే పెట్టుకోండి అని చెప్పాను. ఇందాక ఫోన్ చేస్తే పొద్దున్నే వేటకి పోయారన్నారు, తుపాను కబురు రేవుకి అందకముందే."

వెంకటేశం తల ఎత్తాడు. "ఎవరు వొయిండ్రు?"

"మా వాళ్లేనండి. మా తమ్ముడు కూడా ఉన్నాడు."

టీ హోటల్లో టీవీ మోగుతూనే ఉంది. వేటకు వెళ్లినవాళ్లు వెంటనే తిరిగి రావాలని చెబుతున్నారు. వెంకటేశం బల్ల అంచు పట్టుకున్నాడు.  

"గా వైర్లు తీసెయ్యమను తమ్మీ."

"ఏంటండీ?"

"తీసెయ్యమను. ఉప్పు నీళ్లు పొయ్యద్దను. నువ్వు ఏ తప్పు జెయ్యలే. నీళ్లు పోసుడే తప్పు. నేనే జేసిన. ఉప్పు వైరును తింటదని నాకు తెల్వదు. నువ్వు పోసిన కొద్దీ ఇంకింత తిన్నది. చవితి ముందలే తెలిసింది నాకు. సిగ్గుకు నీకు చెప్పలే."

సంజీవ్‌కు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. మెల్లగా ఫోన్ తీసి నంబరు కలిపి, స్పీకరు పెట్టి వెంకటేశం ముందు పట్టుకున్నాడు. "మా పెదనాన్న. రేవులోనే ఉంటాడు. నేను చెబితే నమ్మడు, మీ పేరు మీద కట్టుకున్న వైర్లవి. మీరే చెప్పండి."

రోజంతా మైకులో అరిచే మనిషి ఆ చిన్న ఫోన్ ముందు గొంతు సవరించుకోవడానికి ఎంతసేపు తీసుకున్నాడో. చివరికి చెప్పాడు. ఏదీ దాచలేదు. ఉప్పు సంగతి చెప్పాడు, బకెట్టు సంగతి చెప్పాడు, తెలిసి కూడా నోరు మూసుకున్న సంగతి చెప్పాడు. అవతల గాలి హోరు తప్ప ఏమీ వినిపించలేదు.

"ఉన్నవా పెద్దయ్యా?" అన్నాడు వెంకటేశం.

"వింటన్నా. పడవలోళ్లకి ఇప్పుడేం చెప్పమంటావు?"

"పొద్దున్నే వొయిండ్రంటే సెట్లు వినపడ్తనే ఉంటయ్. ఒడ్డు నుంచి పిలిచి ఎనకకు రమ్మను. బూస్టరు డబ్బాలు పీకేసి, వైర్లు పచ్చవడ్డ కాడికి కోసేసి, మంచి రాగి వచ్చేదాక గీకి, సెట్టును సక్కగ బ్యాటరీకే కట్టుమను. పొడిబట్టతోని తుడిసి కట్టుమను."

"అట్టా కడితే వాళ్ల మాట మాకు అందుద్దా?"

వెంకటేశం నా వంక చూశాడు, లోపలి గడపలోకి వచ్చి నిలబడ్డ భార్య వంక చూశాడు. "తెల్వదు పెద్దయ్యా. సముద్రం సంగతి నాకు తెల్వదు. నేనెన్నడు చూడలే."

"ఈ ముక్క ఆనాడే మావాడితో అనుంటే సరిపోయేదిగా" అన్నాడు ముసలాయన. కోపంగా కూడా అనలేదు. ఫోన్ పెట్టేశాడు.

సంజీవ్ సెట్టు చంకన పెట్టుకుని వెళ్లి నా షాపు అరుగు మీద కూర్చున్నాడు. పిలిచినా మళ్లీ ఆ దుకాణంలో అడుగు పెట్టలేదు. భాగ్య టీ తెచ్చి ఇస్తే తీసుకుని పక్కన పెట్టుకున్నాడు, తాగలేదు. వాన మొదలైంది. ఎవరో వడ్ల కుప్ప మీద టార్పాలిన్ లాగుతున్నారు, గాలికి అది నిలవడం లేదు. వెంకటేశం దుకాణం గడపలో నేల మీద కూర్చుని, సంజీవ్ చేతిలో ఉన్న ఫోన్ వైపే చూస్తున్నాడు. వాళ్లిద్దరి మధ్యా నేను మిషను మీద ఒక కుట్టు వేసి, విప్పి, మళ్లీ అదే కుట్టు వేశాను. అతని మీద నా కోపం పోయిందని అనను. కానీ ఆ కూర్చున్న తీరు చూసి కత్తెర పక్కన పెట్టేశాను.

పొద్దు వాలాక ఫోన్ మోగింది. సంజీవ్ చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. ఊ, ఊ అన్నాడు. తరువాత లేచి మొహం తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు. వెంకటేశం కూడా లేచి నిలబడ్డాడు.

"ఒడ్డుకి చేరారంటక్కా" అన్నాడు నాతో.

"అందరు వచ్చిండ్రా తమ్మీ?" అని అడిగాడు వెంకటేశం.

సంజీవ్ అరుగు మీది సెట్టును తీసుకుని లుంగీలో చుట్టుకోసాగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు, అటు చూడనూ లేదు. వెంకటేశం మళ్లీ అడిగాడు, అదే మాట. సంజీవ్ వానలోకి దిగి ఆటో కోసం చెయ్యి ఊపాడు.

"అందరు వచ్చిండ్రా అక్కా?" అన్నాడు వెంకటేశం ఈసారి నా వైపు తిరిగి. నేనూ సంజీవ్‌ను అడగలేదు, అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. ఆటో వర్ని దారి పట్టి పోతుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.